బీటిల్స్ ఇంటి కోడలు

"ఆ పిల్ల కాపురానికొచ్చాకే ఆ ఇల్లు ముక్కలైంది." ఈ మాట వినని వాళ్ళు మనలో ఉండరు. అన్నదమ్ములు వేరుపడిన ఏ ఇంటి కథ విన్నా, చివరికి వేలు చూపించేది ఆఖరున అడుగుపెట్టిన ఆడపిల్లవైపే. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్నం నుంచి వచ్చిన బీటిల్స్ అనే రాక్ బృందం 1970లో విడిపోయినప్పుడూ ఇదే జరిగింది. జాన్ లెనన్ చేసుకున్న యోకో ఓనో అనే జపాన్ ఆవిడే దానికి కారణమని లోకం తీర్పు చెప్పేసింది. యాభై ఏళ్ళు దాటినా ఆ తీర్పు ఇంకా నడుస్తూనే ఉంది.

నాకు మాత్రం అది ఒప్పుకోబుద్ధి కాదు. ఆవిడ మీద నాకు ప్రత్యేకంగా అభిమానమేమీ లేదు, ఆవిడ పాడితే రెండు నిమిషాలు వినడం కూడా కష్టమే. కానీ తారీఖులు చూస్తే కథ వేరేగా ఉంది.

వాళ్ళ పాటలు విననివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జాన్, పాల్ మెక్‌కార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. జాన్, పాల్ ఇద్దరూ చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. పాల్‌కి అప్పటికి పద్నాలుగేళ్ళు, జాన్‌కి పదిహేడు. వాళ్ళ స్నేహంలో ఆ దుఃఖం ఒక ముడి అని నాకనిపిస్తుంది. మొదటి ఎల్‌పీ కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో పది పాటలు రికార్డు చేశారు. జాన్‌కి ఆ రోజు జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన పాట ఒకటుంటే, అది ముందే పాడితే మిగతావాటికి గొంతు ఉండదని చివరికి ఉంచారట! ఏడాది తిరిగేసరికి అమెరికా టీవీలో వాళ్ళని ఏడు కోట్లమందికి పైగా చూశారు. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఖరి కచేరీ చేసి, ఊళ్ళు తిరగడం మానేసి స్టూడియోకే అంకితమయ్యారు. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' రికార్డుకి నెలల తరబడి కూర్చున్నారు. మొదటిది పొయ్యి మీంచి దింపి వడ్డించిన కూరైతే, ఇది ఊరబెట్టిన ఆవకాయ.

ఇక ఇంటి సంగతికి వద్దాం. ఆ ఇంటికి పెద్దదిక్కు బ్రయన్ ఎప్‌స్టైన్ అనే మేనేజరు. లివర్‌పూల్‌లో వాళ్ళ కుటుంబానికి చెందిన రికార్డుల షాపు చూసుకునేవాడు. వీళ్ళకి కోట్లు తొడిగి, వేదిక మీద ఎలా నిలబడాలో నేర్పి, కంపెనీల చుట్టూ తిరిగి ఒప్పందం తెచ్చినవాడు. లెక్కల్లో గొప్పవాడేం కాదు, చాలా ఒప్పందాలు చవగ్గా చేశాడు. అయినా నలుగురూ వినే మాట ఒకటుండేది, అది ఆయనది. 1967 ఆగస్టు 27న ఆయన 32 ఏళ్ళకే పోయాడు.

పెద్దాయన పోయిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మా సొంత వ్యాపారం మేమే చూసుకుంటాం అని ఆపిల్ అనే కంపెనీ పెట్టారు. లండన్‌లో బేకర్ స్ట్రీట్‌లో బట్టల కొట్టు తెరిచారు. డిసెంబరులో తెరిచిన కొట్టుని జూలైలో మూసేశారు, మిగిలిన బట్టలన్నీ వచ్చినవాళ్ళకి ఊరికే పంచిపెట్టి! డబ్బు ఎటు పోతోందో చూసేవాడు లేడు.

అందరికంటే చిన్నవాడు జార్జ్ బాధ ఇంకొకటి. పాటలన్నీ జాన్, పాల్ రాయాలి, జార్జ్‌కి రికార్డుకి ఒకటో రెండో దక్కాలి. అది ఎవరూ పైకి చెప్పని రివాజు. చిన్న మరిది ఎంత ఎదిగినా ఆ ఇంట్లో చిన్నవాడే కదా. అతను తెచ్చిన పాటలు కొన్ని సాధన దాకా వచ్చి పక్కకి పోయేవి. బృందం విడిపోయిన కొద్ది నెలలకే, 1970 నవంబరులో, ఒకేసారి మూడు రికార్డుల పెట్టె విడుదల చేశాడు. ఇన్నాళ్ళూ లోపల ఎంత దాచుకుని ఉండాలి!

రింగో అయితే 1968 ఆగస్టులో 'నన్నెవరూ పట్టించుకోవడం లేదు' అనుకుని వెళ్ళిపోయాడు. రెండు వారాలకి తిరిగొచ్చేసరికి అతని డ్రమ్ములన్నీ పూలతో అలంకరించి ఉన్నాయి. వాళ్ళ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇది. కోపం వస్తే పోయి పూలు తెచ్చే ప్రేమ అప్పటికి ఇంకా ఉంది.

యోకో, జాన్ కలిసి ఉండటం మొదలైంది 1968 మేలో. అంటే కచేరీలు ఆగి ఏడాదిన్నర దాటింది, పెద్దాయన పోయి తొమ్మిది నెలలైంది.

ఆవిడ వల్ల ఇబ్బంది లేదని నేననను. స్టూడియోకి భార్యలు రారన్నది వాళ్ళలో కట్టుబాటు. జాన్ ఈవిడని రోజూ వెంటబెట్టుకొచ్చాడు. కారు ప్రమాదం జరిగాక ఆవిడ కోసం స్టూడియోలోకి మంచమే తెప్పించాడు. పనిచేసుకునే చోట ఎదురుగా మంచం వేస్తే ఎవరికి చిరాకు రాదు? ఇద్దరూ మత్తుమందుల జోలికీ వెళ్ళారు. కానీ తీసుకొచ్చింది ఎవరు? ఆవిడేమైనా గోడ దూకి వచ్చిందా? మొదటి భార్య సింథియాని అన్యాయం చేసిందీ జానే, ఇంకెవరో కాదు. మొగుడు చేసిన ప్రతి పనికీ పెళ్ళాం పేరు రాయడం మన దగ్గరే కాదు, అక్కడా ఉందన్నమాట.

మా బంధువుల్లో ఒక ఇంట పొలం పంపకాలైనప్పుడు చిన్న కోడలి నోరే కారణమని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఆ పిల్ల రాకముందు పదేళ్ళపాటు కౌలు డబ్బు లెక్క తమ్ముళ్ళకి ఎవరూ చెప్పలేదన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

బీటిల్స్‌కీ అసలు చిచ్చు లెక్కల దగ్గరే వచ్చింది. 1969లో కొత్త మేనేజరు కావాల్సి వచ్చింది. పాల్ తన భార్య లిండా తండ్రి లీ ఈస్ట్‌మన్‌ని, బావమరిదిని పెట్టాలన్నాడు. న్యూయార్కులో లాయర్లు వాళ్ళు. మిగతా ముగ్గురూ అలెన్ క్లైన్ అనే ఇంకో న్యూయార్కు మనిషి వైపు నిలబడ్డారు. ఒకడి మామగారి చేతిలో మన డబ్బు పెడతామా అని వాళ్ళకుంటే, ముగ్గురూ ఒకటై నన్ను తోసేశారని ఇతనికి. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. మళ్ళీ ఇదే సమయంలో 'ఆబీ రోడ్' లాంటి రికార్డు చేశారు చూడండి, అదే నాకు అర్థంకాని వింత.

సెప్టెంబరులో జాన్ లోపల్లోపలే 'నేను వెళ్ళిపోతున్నా' అనేశాడు. మరుసటేడు పాల్ సొంత రికార్డు విడుదలని వాయిదా వేయమని మిగతావాళ్ళు ఉత్తరం రాసి, మంచివాడని రింగోతో ఇంటికి పంపారు. పాల్ అరిచి అతన్ని బయటికి పంపేశాడు. రింగో తిరిగొచ్చి, అతని తారీఖు అతనికే ఉండనివ్వండి అని చెప్పాడట. 1970 ఏప్రిల్‌లో విషయం పత్రికలకెక్కింది. డిసెంబరు 31న పాల్ కోర్టుకెళ్ళాడు. ఇన్ని పనుల్లో యోకో చేసిన సంతకం ఏది?

మామగారినీ బావమరిదినీ తెచ్చిన పాల్ భార్య అయినా లోకం నోట్లో ఇంతలా నలగలేదు. ఆవిడనీ అన్నారు, కానీ యోకోని అన్నంత కాదు. యోకో జాన్ కంటే ఏడేళ్ళు పెద్ద, విడాకులైంది, ఒక కూతురుంది, పైగా జపాన్ మనిషి. యుద్ధం ముగిసి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు. తిట్లలో ఆ సంగతి బాగానే వినిపించింది.

1969 జనవరిలో తీసిన ఫిల్ముతో చేసిన 'గెట్ బ్యాక్' 2021లో వచ్చింది. దాదాపు ఎనిమిది గంటలు. అందులో యోకో ఎక్కువసేపు పేపరు చదువుతూనో ఏదో కుట్టుకుంటూనో కూర్చుని ఉంటుంది. యాంప్లిఫయరు మీద యోకో కూర్చున్నందుకు విడిపోయారని యాభై ఏళ్ళ తర్వాత చెప్పుకుంటారేమో అని పాల్ అందులోనే వెటకారం చేస్తాడు. ఆ జనవరిలో అలిగి వెళ్ళిపోయినవాడు జార్జ్. తిరిగొచ్చాక పియానో వాయించడానికి బిల్లీ ప్రెస్టన్ అనే స్నేహితుణ్ణి తెచ్చాడు. అంతే, అందరూ మర్యాదస్తులైపోయారు! చుట్టం వస్తే ఎలా బుద్ధిగా ఉంటారో చూడండి అని జార్జే తర్వాత నవ్వుకున్నాడు. పోట్లాడుకుంటున్న ఇంట్లోకి అత్తయ్యగారో బాబాయిగారో వచ్చినప్పుడు మనం కాఫీ కలపడానికి లేస్తామే, అచ్చం అలాగే.

జాన్‌ని 1980లో కాల్చి చంపారు. 1994లో యోకో, అతను ఇంట్లో పియానో దగ్గర పాడుకున్న పాటల క్యాసెట్లు పాల్ చేతికిచ్చింది. వాటిలో రెండిటికి మిగతా ముగ్గురూ వాద్యాలు కలిపి 1995, 1996లో విడుదల చేశారు. ఇంకోటి మాత్రం టేపులో గొంతు పియానో మోతలో కలిసిపోయి అలాగే ఉండిపోయింది. జార్జ్ 2001లో పోయాడు. కంప్యూటరుతో గొంతుని విడదీయడం వచ్చాక పాల్, రింగో ఆ పాట పూర్తిచేశారు. 'నౌ అండ్ దెన్' పేరుతో 2023 నవంబరులో నలుగురి పేరు మీదా వచ్చింది.