వెనక గుమ్మం దగ్గర...

రాత్రి పదిన్నర దాటింది. నాటకం అయిపోయింది. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు ఎర్రబడ్డ జనం టాక్సీల కోసం మెయిన్‌రోడ్డు ఎక్కారు. కొంతమంది మాత్రం అటు పోలేదు. గబగబా థియేటర్ పక్కకి తిరిగి, ఓ మామూలు తలుపు ముందు వరస కట్టారు. రంగు వెలిసిన తలుపు, పైన ఓ బల్బు, ముందు ఇనప కంచె. తెలియనివాళ్లు చూస్తే సామాన్ల గోడౌనేమో అనుకుంటారు. అదే స్టేజ్ డోర్. నటీనటులు లోపలికి వెళ్లేదీ, బయటికొచ్చేదీ ఆ గుమ్మంలోంచే.

న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఇది రోజూ జరిగే తంతు. చలి కొరికేస్తున్నా, చినుకులు పడుతున్నా ఆ గుంపు కదలదు. తల్లి చెయ్యి పట్టుకున్న పదేళ్ల పిల్ల ఉంటుంది. హాస్టల్ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిలుంటారు. కర్ర పట్టుకున్న బామ్మగారూ ఉంటారు. న్యూజెర్సీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి, పనిలో పనిగా ఓ షో చూసొద్దామని బయల్దేరిన గుంటూరు దంపతులో, వరంగల్ దంపతులో ఆ గుంపును చూసి 'ఏమిటే ఈ క్యూ? ప్రసాదం ఏమైనా పెడుతున్నారా?' అని ఆగిపోవడమూ ఉంటుంది. ఓ రకంగా ప్రసాదమే మరి!

అందరి చేతుల్లోనూ ఒకే పుస్తకం కనిపిస్తుంది. పేరు 'ప్లేబిల్'. 1884 నుంచీ వస్తున్న పత్రిక ఇది. ఏ నాటకానికి ఆ నాటకం ముఖచిత్రంతో అచ్చేసి, సీట్లో కూర్చోబెట్టేటప్పుడు ఉచితంగా చేతిలో పెడతారు. లండన్‌లో మాత్రం ప్రోగ్రాం పుస్తకం కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవాల్సిందే. ఆ పుస్తకం అట్ట మీద నల్ల మార్కర్‌తో ఓ సంతకం, వీలైతే ఓ ఫొటో, ఇంకా అదృష్టం ఉంటే రెండు మాటలు. ఇంతే ఆశ. దీనికోసం అరగంట, ముప్పావుగంట నిలబడతారు.

ఆలస్యం ఎందుకంటే లోపల పని అయ్యేసరికి అంత సేపు పడుతుంది. తెర పడగానే నటుడు ఖాళీ అయిపోడు. తలమీది విగ్గు తియ్యాలి. దాని కింద జుట్టును అణిచి కట్టిన టోపీ తియ్యాలి. జుట్టులో దాచిన మైకు విప్పి అప్పగించాలి. చెమటతో తడిసిన దుస్తులు ఉతుకుడుకి వెయ్యాలి. ముఖం కడుక్కోవాలి. వారానికి మామూలుగా 8 ప్రదర్శనలు. చాలా నాటకాలకి బుధ, శనివారాల్లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. మధ్యాహ్నం ఆట తర్వాత ఎంత సేపు నిలబడ్డా హీరోగారు బయటికి రాలేదంటే పొగరు అనుకోకూడదు. రెండో ఆటకి గొంతు కావాలి. ఆ మధ్య దొరికే రెండు మూడు గంటల్లో ఓ ముద్ద తిని, నడుం వాల్చి, మాట్లాడకుండా ఉండాలి. రెండున్నర గంటలు పాడిన గొంతుతో వీధి చప్పుడు మించి అరుస్తూ వందమందికి థాంక్యూలు చెప్పడం మళ్లీ ఇంకో ప్రదర్శనంత పని.

పైగా ఇది ఉద్యోగంలో భాగం కాదు. టిక్కెట్టు డబ్బు నాటకానికే సరిపోయింది. గుమ్మం దగ్గర జరిగేదంతా ఇష్టం మీద జరిగేదే. ఈ చిన్న విషయం గుర్తుంచుకున్నవాళ్లు తలుపు తెరుచుకోకపోయినా నవ్వుకుంటూ ఇంటికెళతారు. గుర్తులేనివాళ్లు 'ఇంత పెట్టి టిక్కెట్టు కొన్నాం, ఓ సంతకానికి గతిలేదా' అని సణుగుతారు. అన్నిటికంటే చికాకు మూడో రకంతో. వీళ్లసలు నాటకమే చూడరు. కట్టలకొద్దీ పాత ఫొటోలు పట్టుకొచ్చి సంతకాలు చేయించుకుని, అమ్ముకుంటారు. పదేళ్ల పిల్ల వెనక్కి, వీళ్లు కంచె ముందుకి!

ఆ గుమ్మం దగ్గర అందంగా జరిగేవీ కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా ప్రధాన నటుడికి జ్వరమొస్తే ఆ వేషం వేరొకరు వేస్తారు. ఆ రోజు ప్లేబిల్‌లో ఓ చిన్న కాగితం ముక్క పెడతారు, ఫలానా పాత్ర ఈ పూట ఫలానావారు ధరిస్తారని. అది చూడగానే హాల్లో ఉస్సురుమనే నిట్టూర్పు. నెలల తరబడి మాటలూ పాటలూ నేర్చుకుని, పిలుపు కోసం కాచుకున్న మనిషి ఆ నిట్టూర్పు మధ్యే రంగం మీదికొస్తాడు. రెండున్నర గంటల తర్వాత అతను వెనక గుమ్మంలోంచి బయటికొచ్చినప్పుడు కొట్టే చప్పట్లు చూడాలి! పేరున్న స్టారుకి కూడా అలా పడవు. దానికి పూర్తి వ్యతిరేకం బృందగానం వాళ్ల సంగతి. గంట క్రితం పది వేషాలు మార్చి నేల అదిరేలా నాట్యం చేసిన అమ్మాయి, జీన్స్ ప్యాంటూ ఉన్ని టోపీతో అదే గుంపు పక్కనుంచి నడిచి మెట్రో స్టేషన్‌కి వెళ్లిపోతుంటే ఒక్కరూ గుర్తుపట్టరు. ఎవరో ఒకరు ఆపి 'మీరు కదూ ఆ మూడో పాటలో...' అన్నారా, ఆ రాత్రికి ఆ పిల్లకి నిద్ర పట్టదు.

ఈ కాపలా ఈనాటిది కాదు. వందేళ్లకు ముందే లండన్‌లో గెయిటీ థియేటర్ వెనక సందు కోడెకారు బాబులతో కిటకిటలాడేది. తలమీద పొడుగాటి టోపీ, చేతిలో పూలగుత్తి, జేబులో నగల పెట్టె. వీళ్లకి జనం పెట్టిన పేరు 'స్టేజ్ డోర్ జానీ'లు. నాటకంలో ఆడిపాడే 'గెయిటీ గర్ల్స్' బయటికి రాగానే భోజనానికి తీసుకెళ్లాలని వీళ్ల పోటీ. అందరిదీ షోకు కబుర్లేనని తీసిపారేయలేం. రోజీ బూట్ అనే గెయిటీ నటి 1901లో హెడ్‌ఫోర్ట్ మార్క్విస్‌ను పెళ్లాడి ఏకంగా జమీందారిణి అయిపోయింది. అంతకుముందు 1892లో కోనీ గిల్‌క్రిస్ట్ ఆర్క్‌నీ ఎర్ల్‌కి భార్య అయింది. ఇళ్లల్లో పెద్దలు ఎంత గొడవ పెట్టి ఉంటారో వేరే చెప్పాలా!

అయితే ఆ గుమ్మం దగ్గర ఎదురుచూసేవాళ్లందరి చేతుల్లోనూ పూలే ఉండవు. లండన్ అడెల్ఫీ థియేటర్‌కి 1890లలో విలియం టెరిస్ అంటే దేవుడు. సాహస కథల్లో హీరో. జనం ముద్దుగా 'బ్రీజీ బిల్' అనేవారు. అదే రోజుల్లో రిచర్డ్ ఆర్చర్ ప్రిన్స్ అనే చిన్న నటుడుండేవాడు. రెండు మాటల వేషాలు, ఆ వేషాలు కూడా దొరకని నెలలు, తాగుడు, మతి స్థిమితం తప్పడం. టెరిస్ అతనికి సాయం చేస్తూనే వచ్చాడు. పేద నటుల సహాయనిధి ద్వారా అప్పుడప్పుడూ డబ్బు అందేలా చూశాడు. ప్రిన్స్ బుర్రలో మాత్రం లెక్క తలకిందులైంది. తన ఎదుగుదలకి టెరిసే అడ్డమని నమ్మేశాడు. 1897 డిసెంబర్ 16న సహాయనిధికి వెళితే ఆ రోజు చేతిలో ఏమీ పడలేదు. ఆ సాయంత్రం మెయిడెన్ లేన్‌లో అడెల్ఫీ వెనక గుమ్మం దగ్గర కాచుకుని నిలబడ్డాడు. టెరిస్ వచ్చి తాళంచెవి తిప్పుతుంటే కత్తితో పొడిచాడు. ఏ గుమ్మం ముందు జనం ఆయన్ని చూడాలని నిలబడేవారో అదే గుమ్మం దగ్గర ఆయన కథ ముగిసింది. అప్పటికి ఆయనకి 50 ఏళ్లు. ఆ గోడ మీద ఇప్పటికీ ఫలకం ఉంది. ప్రిన్స్‌కి పిచ్చి ఉందని కోర్టు తేల్చి బ్రాడ్‌మూర్ ఆసుపత్రికి పంపింది. టెరిస్ దెయ్యమై తిరుగుతున్నాడని లండన్‌లో ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. దెయ్యం సంగతి ఎలా ఉన్నా, థియేటర్ వెనక గుమ్మానికి కాపలాదారు ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకు మించిన కథ అక్కర్లేదు.

హాలీవుడ్‌ వాళ్లు దీన్నే మరోలా చూపించారు. 1950లో వచ్చిన 'ఆల్ అబౌట్ ఈవ్' సినిమాలో ఓ అమాయకురాలు ప్రతి రాత్రీ మహానటి కోసం స్టేజ్ డోర్ దగ్గర నిలబడుతుంది. జాలిపడి లోపలికి తీసుకెళతారు. ఇంకేముంది, కొన్నాళ్లకి ఆ మహానటి వేషానికే ఎసరు పెడుతుంది. ఉత్తమ చిత్రంతో కలిపి 6 ఆస్కార్లు వచ్చాయి ఆ సినిమాకి.

సెల్‌ఫోన్లొచ్చాక పద్ధతి మారింది. సంతకం కంటే సెల్ఫీ ముఖ్యమైపోయింది. 2015 ఆగస్టులో లండన్ బార్బికన్‌లో 'హామ్లెట్' ఆడుతున్న బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ ఓ రాత్రి వెనక గుమ్మం బయటికొచ్చి, గుమిగూడిన అభిమానుల్నే సాయమడిగాడు. హాల్లో కొందరు ఫోన్లతో తనను చిత్రీకరిస్తున్నారనీ, ఆ చిన్న ఎర్రలైటు రంగం మీదికి కనిపిస్తుంటే ఏకాగ్రత చెదిరిపోతోందనీ, ఈ మాట నలుగురికీ చేరవేయమనీ బతిమాలుకున్నాడు. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020 మార్చి 12న బ్రాడ్‌వే మూతపడింది. 2021లో మళ్లీ తెరలు లేచాయిగానీ, వెనక గుమ్మం దగ్గర సంతకాలూ కరచాలనాలూ చాన్నాళ్లు బందయ్యాయి.

జపాన్ వాళ్ల తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒసాకా దగ్గర తకరాజుకా అనే ఊరుంది. తన రైలు మార్గానికి జనం రావాలని ఓ రైల్వే వ్యాపారి పెట్టిన నాటక సమాజం అక్కడిది. 1914 నుంచీ ప్రదర్శనలిస్తోంది. నటులంతా ఆడవాళ్లే, మగవేషాలు కూడా వాళ్లవే. మన దగ్గర స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసి ఆ వేషం మగవాడిదంటే నమ్మబుద్ధయ్యేది కాదని పాతతరం చెప్పుకునేది కదా, దానికి తిరగేసిన లెక్కన్నమాట! వాళ్ల అభిమాన సంఘాలు గుమ్మం ముందు ఒక రంగు కండువాలతో వరసల్లో నిలబడేవి. కేకల్లేవు, తోపులాటల్లేవు. అభిమాన నటి బయటికి రాగానే ముందు వరసలన్నీ ఒక్కసారిగా కూర్చునేవి, వెనకవాళ్లకి కనబడాలిగా! ఆమె ఉత్తరాలు అందుకుని, నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయేది. నటి సమాజం వదిలి వెళ్లే చివరి రోజున అభిమానులంతా తెల్లబట్టల్లో వస్తారు. ఆమె ఆకుపచ్చ హకామా కట్టుకుని, పూలగుత్తితో ఆ గుమ్మం దాటుతుంది. మళ్లీ ఆ గడప తొక్కేది నటిగా కాదు. ఆ కొద్ది క్షణాల కోసం గంటలకొద్దీ నిలబడతారు.

మరి మన పద్యనాటకానికి స్టేజ్ డోర్ ఎక్కడిది? పందిరి వెనక నాలుగు తడికలు, ఓ పాత పరదా, లోపల ఓ దీపం... అదే గ్రీన్‌రూమ్. తడికకి కన్నం ఉన్నచోటల్లా ఓ పిల్లాడి కన్ను. లోపల ధర్మరాజు బీడీ ముట్టిస్తుంటాడు. భీముడు గద పక్కన పెట్టి టీ ఊదుకుంటుంటాడు. ఒకే నాటకానికి పడకసీను కృష్ణుడొకరు, రాయబారం కృష్ణుడొకరు కాబట్టి ఇద్దరు కృష్ణులు ఒకే బెంచీ మీద కనబడటమూ ఉంటుంది. తడిక దగ్గర పిల్లాడికి అది విశ్వరూప సందర్శనంతో సమానం! అయినా మన ప్రేక్షకుడు అభిమానం చాటుకోవడానికి నాటకం అయ్యేదాకా ఎందుకు ఆగుతాడు? పద్యం నచ్చితే అక్కడికక్కడే 'వన్స్‌మోర్' అంటాడు. ఇంకా నచ్చితే 116 రూపాయలు చదివించి మైకులో పేరు చెప్పించుకుంటాడు. కౌరవసభ ఆ కాసేపూ ఆగాల్సిందే.

సురభి వారి దగ్గర ఇంకో రకం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన ఈ నాటక కుటుంబాలకి రంగస్థలం వెనకే ఇల్లు. తాతలు, అత్తలు, మనవలు అంతా నటులే. డేరాలేసుకుని ఊరూరా తిరిగిన రోజుల్లో నాటకం అయ్యాక వెనక్కి వెళ్లి చూస్తే, ఇందాకటి రాణిగారు పొయ్యి రాజేస్తూ కనిపించేది. బాలకృష్ణుడు ముఖాన రంగుతోనే నిద్రపోయి ఉండేవాడు. అక్కడికెళ్లినవాళ్లు సంతకం అడిగేవారు కాదు. తలుపు లేని ఇంట్లోకి అడుగు పెట్టామని తెలిసి గొంతు తగ్గించుకునేవారు.

పల్లెటూళ్లో రాత్రంతా సాగిన నాటకం తెల్లవారుజామున ముగిశాక మాత్రం ఎదురుచూపు తిరగబడుతుంది. ఎదురుచూసేది నటుడు, మొదటి బస్సు కోసం! కొబ్బరినూనె రాసి అర్దళం తుడుచుకుని, ట్రంకుపెట్టె మీద కూర్చుంటాడు. రాత్రంతా ముందు వరసలో చాపేసుకుని కూర్చున్న ఓ పెద్దాయన టీ గ్లాసు తెచ్చి చేతికిస్తాడు. 'బాబూ, రాయబారంలో ఆ పద్యం రాగం లాగకుండా అదిమి పట్టావే, ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?' అంటాడు. నటుడు గురువుగారి పేరు చెప్పి, బొంగురుపోయిన గొంతుతోనే సగం పద్యం మెల్లగా అందుకుంటాడు. హోటల్ కుర్రాడు గ్లాసులు కడగడం ఆపేస్తాడు. ఇంతలో బస్సు హారన్. పెట్టె పైకెక్కించి కిటికీలోంచి దండం పెడుతున్న ఆ మనిషి చెవుల వెనక ఇంకా కాస్త నీలం మిగిలే ఉంటుంది.