నిర్బంధ సైనిక సేవ యనగా నేమి?

నిర్బంధ సైనిక సేవ కావలెనను మాట మన దేశమున నప్పుడప్పుడు వినవచ్చుచున్నది. దాని యర్థమును ముందుగా నిర్ణయించుకొనుట మంచిది. ఇష్టపడి చేరునది కొలువు. 2022లో నేర్పడిన అగ్నిపథ్ పథకము నట్టిదే. ఇష్టానిష్టములతో నిమిత్తము లేక, నిర్ణీత వయస్కులను చట్టము పిలుచునది నిర్బంధ సేవ.

ఈ పద్ధతికి ఆధునిక రూపమిచ్చినది ఫ్రాన్సు. 1793లో విప్లవ ప్రభుత్వము దేశరక్షణకై ప్రజలనెల్ల పిలిచెను. 1798 నాటి శాసనము 20 మొదలు 25 ఏండ్ల వఱకు గల పురుషులకు సైనిక బాధ్యతను విధించెను. పౌరులందఱు సమానులైనచో రక్షణభారమును అందఱిదే యనుట దాని న్యాయము. కాని ధనవంతులు సొమ్మిచ్చి తమకు బదులు మఱియొకని బంపు వెసులుబాటు పిదప వచ్చి చేరెను. అది తొలగుటకు 1872 వఱకు పట్టినది. అమెరికాలో 1863 నాటి చట్టము 300 డాలర్లు చెల్లించిన వానిని విడిచిపెట్టెను. ఆ యేట జూలైలో న్యూయార్కు నగరమున ఘోరమైన అల్లరులు చెలరేగినవి. ఈ వెసులుబాటుపై బీదల కినుక అందుకొక ముఖ్యకారణము.

మన యనుభవము వేఱు. మొదటి ప్రపంచయుద్ధమున భారతీయులను నిర్బంధించు చట్టమే లేదు. 1917 చట్టపు నిర్బంధము ఐరోపీయులకే. మనవారి చేరిక పేరునకు స్వచ్ఛందము. అయినను మైకేల్ ఓడ్వయర్ పాలనలో పంజాబు పల్లెలనుండి బలవంతముగా జనులను సైన్యమున జేర్చినట్లు కాంగ్రెసు విచారణసంఘము 1920లో వెల్లడించెను. సమ్మతి లేని పాలకుడు సమ్మతి లేని ప్రజలను పరాయి యుద్ధమునకు దోలుట సేవ కాదు, వెట్టి.

ఈ భేదమును మన రాజ్యాంగ మెఱిగినది. దాని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. ప్రజాప్రయోజనార్థము నిర్బంధ సేవను విధించు నధికారమును మాత్రము రాజ్యమునకు నిలిపి, కేవలము మతము, జాతి, కులము, వర్గము కారణముగా వివక్ష చూపరాదని కట్టడి చేసినది.

కావున మా యభిప్రాయము స్పష్టము. అట్టి యవసరమే వచ్చిన నాడు, చట్టము ప్రజాప్రతినిధుల సభలో బహిరంగముగా చర్చింపబడి రావలెను. మోతుబరి కుమారుడును, కూలివాని కుమారుడును ఒక్క వరుసలో నిలువవలెను. సొమ్మునకును సిఫార్సునకును అందు చోటుండరాదు. ఈ రెండును లేనిచో ఎంత గొప్ప పేరు పెట్టినను అది వెట్టియే. నిర్బంధ సేవ కావలెనని కోరువారు, మొదట తమ యింటి పిల్లవానిని దలచుకొని పిదప గోరుదురు గాక.