స్ప్రింగే కదా అనుకుంటే...

పిస్టల్‌ అనగానే ట్రిగ్గరూ తూటాలే గుర్తొస్తాయి. కానీ దాన్ని నమ్మకంగా పనిచేయించేది లోపల దాగున్న ఓ తీగచుట్ట... రీకాయిల్‌ స్ప్రింగ్‌! తూటా పేలగానే పైనున్న స్లైడ్‌ వెనక్కి దూసుకొస్తుంది. ఆ వేగాన్ని ఓర్చుకుని, స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టి, మరో తూటాను లోపలికి ఎక్కించేది ఈ స్ప్రింగే. అది వంకరపోకుండా పట్టి ఉంచేది గైడ్‌ రాడ్‌.

జాన్‌ బ్రౌనింగ్‌ రూపొందించిన .45 పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. 5 అంగుళాల బ్యారెల్‌ ఉన్న ఆ రకానికి సాధారణంగా వాడేది 16 పౌండ్ల స్ప్రింగ్‌. గట్టిది వేస్తే ఇంకా మంచిదనుకుంటే పొరపాటే. మరీ గట్టిదైతే స్లైడ్‌ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ తొడుగు ఇరుక్కుపోతుంది. మరీ మెత్తనిదైతే స్లైడ్‌ వచ్చి ఫ్రేమ్‌ను బాదేస్తుంది. అందుకే మందు తక్కువ దట్టించిన తూటాలు వాడే పోటీదారులు కాస్త తేలికైన స్ప్రింగ్‌ ఎంచుకుంటారు. వేల తూటాలు పేలాక స్ప్రింగ్‌ కుంగుతుంది. కొత్తదాని పక్కన పెడితే పొట్టిగా కనిపిస్తుంది. అప్పుడిక మార్చాల్సిందే.

రాడ్‌ సంగతికొస్తే, ఆ పాత పిస్టల్‌కి పొట్టిదే సరిపోయింది. పొడవాటి స్టీలు రాడ్‌ వేస్తే ముందువైపు బరువు పెరిగి కుదుపు కాస్త తగ్గుతుంది, విప్పడం మాత్రం కష్టం. గురి పోటీల్లో ఇలాంటి ప్రయోగాలు చెల్లుతాయి. ప్రాణరక్షణకు వాడే పిస్టల్‌కి మాత్రం తయారీదారు చెప్పిన కొలతే శ్రీరామరక్ష!