సంచిలో వచ్చిన పుస్తకాలు

మస్జిద్ గుమ్మం పక్కన, చెప్పులు విడిచే అరుగు మీద, ఎవరో ఒక గోనెసంచి పెట్టి వెళ్లిపోవడం మా పట్టణంలో నెలకు రెండు మూడుసార్లు జరిగే సంగతి. అందులో ఏముంటుందో విప్పకుండానే అందరికీ తెలుసు. ఒక ఇంట్లో పెద్దాయన కన్నుమూశారు, లేదా పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకు మారారు. బీరువాలో ఆయన పుస్తకాలు మిగిలిపోయాయి. ఆ లిపి ఇంట్లో ఎవరికీ రాదు. పాత కాగితాల వానికి కిలోల లెక్కన తూచి ఇద్దామంటే, లోపల ఎక్కడో ఖుర్ఆన్ వాక్యం ఉంటుందేమోనన్న భయం. ఆ భయమే సంచిని మస్జిద్ దాకా నడిపిస్తుంది.

జీర్ణించిన ముస్‌హఫ్ పత్రాలను ఏం చేయాలన్న విషయంలో ధర్మవేత్తలు మనలను చీకట్లో వదలలేదు. శుభ్రమైన వస్త్రంలో చుట్టి, మనుషుల కాళ్లు పడని చోట పాతిపెట్టడం మేలని హనఫీ పండితులు చెప్పారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రామాణిక ప్రతులను సిద్ధం చేయించిన పిమ్మట తక్కిన వ్రాతప్రతులను దహనం చేయించారు గనుక ఆ పద్ధతీ సమ్మతమేనని మరికొందరన్నారు. ఆ చర్చను ఇక్కడ పొడిగించడం మా ఉద్దేశం కాదు. సంచిలో ఉన్నవన్నీ ముస్‌హఫ్‌లు కావన్నదే మా మాట.

గడచిన రమజాన్ తర్వాతి నుంచి ఈ సంచులను మద్రసాకు తెప్పించి, పెద్ద తరగతి విద్యార్థులతో కలిసి ఒక్కొక్క పుస్తకమే విప్పి చూస్తున్నాము. మొదటి సంచిలో ముస్‌హఫ్‌లు రెండే ఉన్నాయి. తక్కినవి ఏమిటంటే: యూనానీ మందుల తయారీ పుస్తకం ఒకటి, అట్ట ఊడిపోయిన ‘బహిష్తీ జేవర్’ ఒకటి, షేక్ సాదీ ‘గులిస్తాన్’ ఒకటి, మిరపకాయల వ్యాపారం జమాఖర్చులు వ్రాసిన పొడవాటి పుస్తకం ఒకటి, అడుగున దారంతో కట్టిన ఇబ్నె సఫీ అపరాధ పరిశోధక నవలలు పదకొండు! 1952లో అలహాబాదు నుంచి వెలువడటం మొదలైన ‘జాసూసీ దునియా’ను ఉర్దూ చదివిన ఆ తరం ఎంత ఆత్రంగా చదివిందో మాకు తెలియనిది కాదు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ హంతకులను పట్టుకునే ఆ కథలు, మనుమలకు లిపి రాకపోవడం వల్ల, పవిత్ర గ్రంథాల హోదా సంపాదించుకుని మస్జిద్ గుమ్మానికి చేరాయి. “హజ్రత్, వీటిని కూడా గుడ్డలో చుట్టి పాతిపెట్టాలా?” అని ఒక విద్యార్థి ఎంతో గంభీరంగా అడిగాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అయితే నవ్వుకోవలసినంత చిన్న విషయమూ కాదు. చదవలేని వానికి గ్రంథమంతా ఒక్కటే. తాత దేనికి తలవంచాడో, దేనికి రాత్రంతా దీపం ఆర్పకుండా మేల్కొన్నాడో ఆ ఇంటికి ఇక తెలిసే దారి లేదు.

ఆ ‘గులిస్తాన్’ ప్రతి లఖ్‌నవూలోని మున్షీ నవల్ కిశోర్ ముద్రణాలయానిది. 1858లో ఒక హిందూ ప్రముఖుడు స్థాపించిన ఆ అచ్చుకూటమే ఖుర్ఆన్‌నూ, హదీసునూ, పారశీక కావ్యాలనూ అచ్చువేసి సామాన్యుల ఇళ్లకు చేర్చిందని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అదలా ఉంచి, ఆ ప్రతి చివరి ఖాళీ పుటలో సన్నని చేతివ్రాత కనిపించింది. ఏడుగురు బిడ్డలు పుట్టిన తేదీలు, వేళలు. వారిలో ఇద్దరి పేర్ల పక్కన మరో తేదీ, దాని కింద చిన్న దుఆ. సంచి ఎవరిదో వాకబు చేసి ఆ ఇంటి మనుమడిని పిలిపించాము. విజయవాడలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న యువకుడు. ఆ పుటను చదివి వినిపించాము. ఐదవ పేరు అతని తండ్రిది. మూడవ పేరును అతడు ఎన్నడూ వినలేదు. రెండేళ్లు బ్రతికి పోయిన మేనత్త ఒకరు తనకు ఉన్నారని ఆ రోజే తెలిసింది. పేరు మరొకసారి చదవమని అడిగాడు. ‘గులిస్తాన్’ ఒక్కటీ తీసుకుని, తక్కినవి మద్రసాలోనే ఉంచమన్నాడు.

మా పఠన మండలి అక్కడి నుంచే పుట్టింది. మండలి అనడం పెద్ద మాటే. నెలలో రెండవ ఆదివారం అసర్ నమాజు తర్వాత మద్రసా వరండాలో చాపలు పరచుకుని కూర్చునే పదిహేను ఇరవై మంది. లోపలి గదిలో, తెరచిన తలుపుకు ఆవల, స్త్రీలు. నియమం ఒక్కటే: ఉపన్యాసం ఉండరాదు. చదువును గురించిన సభలన్నీ ‘ఇఖ్రా’తో మొదలై బిర్యానీతో ముగుస్తాయి, నడుమ చదివినవారెవరూ కనబడరు. పుస్తకం చదివి వచ్చినవారే ఇక్కడ మాట్లాడాలి.

మరి పుస్తకాలు ఎక్కడివి? మేము పుస్తకాల కోసం తిరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. హైదరాబాదు వెళ్లినప్పుడు ఆదివారం పడేటట్టు చూసుకుంటాము. ఆ రోజు అబిడ్స్ దుకాణాలు మూతపడి ఉంటాయి గనుక కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఉర్దూ పుస్తకం ధర దాని లావును బట్టి ఉంటుంది. అమ్మేవానికి చదవడం రాదు, కొనేవాడు దొరకడం కష్టం. పలుచని పుస్తకాలను ఇష్టపడే మాబోటి వారికి ఇది లాభసాటి. చార్మినార్ పరిసరాలలోని ఉర్దూ దుకాణాల తీరు వేరు. అక్కడ వారికి అన్నీ తెలుసు, బేరం కుదరదు. విజయవాడలో లెనిన్ సెంటరు పాత పుస్తకాల అంగళ్ల వద్ద నిలబడితే నడుము పట్టేస్తుందే గాని చూపు తిరిగిరాదు.

జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికి మద్రసా పిల్లలను ప్రతి ఏడూ తీసుకుపోతాము. అక్కడ ఒక విషయం మమ్మల్ని కలవరపెడుతోంది. మన యువకులు తిన్నగా ఇస్లామీయ సాహిత్యం అమ్మే స్టాలుకు వచ్చి, ఉచితంగా పంచే చిన్న పుస్తకాలు చేతినిండా తీసుకుని, అటునుంచి అటే బయటకు పోతున్నారు. పక్క స్టాలులో ఏముందో చూడరు. ఉచితంగా వచ్చిన పుస్తకం చదవబడటం మేమైతే అరుదుగా చూశాము. ఇరవై రూపాయలైనా చెల్లించి కొన్న పుస్తకాన్ని మనిషి కనీసం తెరచి చూస్తాడు. పంచేవారు నొచ్చుకోకుండా ఈ మాటను ఆలోచించాలి.

ఈసారి లెనిన్ సెంటరులో దొరికిన పుస్తకం బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారి ఆత్మకథ ‘పింజారి’. ఆయన చెప్పగా మరొకరు అక్షరబద్ధం చేసినది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టి, బుర్రకథను ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఈ పుస్తకాన్ని మండలిలో చదవాలని మేము ప్రతిపాదించగానే పెద్దలలో ఒకరు అభ్యంతరం చెప్పారు. పాటలు పాడేవాని చరిత్ర, పైగా ప్రజానాట్యమండలి మనిషి, మద్రసా వరండాలో ఎందుకని. ఇది దర్స్ కాదు, ఒక ముస్లిం మనిషి ఎలా బ్రతికాడో తెలుసుకునే పని అని మేము బదులిచ్చాము. ఆయన సమాధానపడలేదు; ఆ నెల రాలేదు.

రాని ఆయన ఏం కోల్పోయారో చెప్పాలి. దూది ఏకేవారు దూదేకులవారు. పింజలు తీసేవారు పింజారులు. విల్లు మీటి దూదిని నురుగులా చేసి పదిమందికి పరుపులు కుట్టి ఇచ్చిన వృత్తి పేరు తెలుగు నోళ్లలో తిట్టుగా మారింది. ఇతరుల సంగతి సరే. తెలుగే ఇంటి భాష గనుక దూదేకులవారిని మనలోని ఉర్దూ మాటల ఇళ్లు ఏ వరుసలో కూర్చోబెట్టాయో మనకు తెలియదా? సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడి, సంబంధాల మాట వచ్చేసరికి దూరం జరిగిన వారము మనమే.

మండలికి వచ్చేవారిలో పరుపుల దుకాణం నడిపే పెద్దాయన ఒకరున్నారు. ఎన్నడూ నోరు విప్పి ఎరుగరు. ఆ రోజు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అట్టను చాలాసేపు చూశారు. “మౌలానా సాబ్, చిన్నప్పుడు బళ్లో ‘పింజారోడు’ అంటే ఏడ్చుకుంటా ఇంటికి పొయ్యేవాణ్ణి. ఈయన ఆ మాటనే పుస్తకానికి పేరు పెట్టుకున్నాడే!” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి ఆయనే, తమ తండ్రి విల్లు ఇంకా అటక మీద ఉందనీ, మనుమడు దాన్ని చూసి ఇదేం వాయిద్యమని అడిగాడనీ చెప్పారు. మరుసటి నెల ఆ విల్లు వరండాకు వచ్చింది. అభ్యంతరం చెప్పిన పెద్దలూ వచ్చారు, తీగను మీటి చూశారు. పుస్తకం మాత్రం ఇంకా అడగలేదు.

మేము స్వయంగా ఈ మధ్య మళ్లీ చదివినది డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ గారి ‘ఖుత్బాతె బహావల్‌పూర్’. 1980లో చేసిన పన్నెండు ఉపన్యాసాలు. ఆయన 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, జీవితంలో పెద్దభాగం పారిస్‌లో గడిపిన పండితుడు. ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. తొలి తరాల హదీసు సంకలనమైన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ ‘సహీఫా’ను వ్రాతప్రతుల నుంచి వెలికితీసి ప్రచురించారు. ఎక్కడో గ్రంథాలయపు అరలో ఎవరూ విప్పని కట్టను ఒకరు విప్పినందువల్ల జరిగిన పని అది. ఒక్కో ఉపన్యాసాన్ని మండలిలో ఉర్దూ నుంచి అప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాము. ఆయన మాట సూటిగా ఉంటుంది గనుక ఇబ్బంది లేదు. గర్జించే వక్తల ప్రసంగాలను ఇలా అనువదించి చూడండి, సగం మిగలదు.

స్త్రీల వైపు సంగతి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివిన నెల లోపలి గదిలో నవ్వులు వరండాకు వినవచ్చాయి. నెల్లూరు సీమ ముస్లిం ఇళ్ల మాటలు, లేమి, అల్లరి అచ్చులో చూసుకోవడం వారిలో చాలామందికి అదే మొదటిసారి. పురుషులలో సగం మంది చదవకుండానే వచ్చారని ఇక్కడ నమోదు చేయక తప్పదు.

ఆ తర్వాతి నెల స్త్రీలు తమ ఇళ్లలోని కాగితాలు తెచ్చారు. నానీ వ్రాసిన వంటల పుస్తకం, గల్ఫ్ నుంచి భర్త వ్రాసిన పాత ఉత్తరాలు, ఎవరిదో నికాహ్‌నామా. చదివి వినిపిస్తామని మేము చేయి చాచాము. తలుపు ఆవలి నుంచి ఒక పెద్దామె ఉత్తరాల కట్ట ఇవ్వలేదు. “ఇవి మీరు చదివేవి కాదు మౌలానా సాబ్. మాకే నేర్పండి, మేమే చదువుకుంటాం” అన్నారు. ఆమెకు అరవై రెండేళ్లు. పెళ్లయిన కొత్తలో ఆ ఉత్తరాలను పక్కింటి వారి చేత చదివించుకుని విన్నారట.

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో జొహర్ తర్వాత మా ఇంటావిడ పదకొండు మందికి ఉర్దూ అక్షరాలు నేర్పుతున్నారు. విడి అక్షరాలు అయిపోయాయి, కలిపి వ్రాయడం నడుస్తోంది. బడీ హే, ఛోటీ హే, దో చష్మీ హే దగ్గర అందరూ తికమకపడుతున్నారు. పెద్దామె మాత్రం తన ఉత్తరాలలో మొదటి దానిపై ఊరి పేరు చదివేశారు.