పెనవేసుకున్న పాములు.. పొరబడుతున్న జనం
సంతాన కాలంలో సర్పాల కదలికలు తెలియక డెల్టాలో ఏటా ప్రమాదం

అవనిగడ్డ: పొలం గట్టుపై రెండు పాములు నడుము ఎత్తున లేచి ఒకదానినొకటి పెనవేసుకుంటే దివిసీమ పల్లెల్లో ఆ పూటకు పని ఆగిపోయినట్లే. క్షణాల్లో జనం పోగవుతారు. నాగుపాము, జెర్రిపోతు సరసమాడుతున్నాయని పెద్దలు తేల్చేస్తారు. ఒకరు ఇంటికి పరుగెత్తి కొత్త తువ్వాలు తెచ్చి వాటిపై విసురుతారు. ఆ గుడ్డ బీరువాలో ఉంటే సిరి కలిసివస్తుందని నమ్మకం. మరొకరు కర్ర తెస్తారు. గుడ్డ తెచ్చిన వారూ, కర్ర తెచ్చిన వారూ పొరబడుతున్నది ఒకేచోట. అక్కడ జరుగుతున్నది సరసం కాదు, కుస్తీ. ఆ రెండూ సాధారణంగా మగ జెర్రిపోతులే.

ఆడపాము తిరుగాడే తావు కోసం మగపాములు బలం తేల్చుకునే పద్ధతి ఇది. రెండూ ముందు భాగాన్ని పైకెత్తి, ఒకదాని మెడపై మరొకటి బరువు మోపి, ఎదుటిదాని తలను నేలకు అదమడానికి యత్నిస్తాయి. ఈ పోరులో సాధారణంగా కాటు ఉండదు. అలసిన పాము పట్టు వదిలి గడ్డిలోకి జారుకుంటుంది, గెలిచినది కొంత దూరం తరుముతుంది. అసలు జత కట్టడం ఇంత ఆర్భాటంగా జరగదు. ఆడపాము దాదాపు కదలకుండా నేలపై పరచుకుని ఉంటుంది. మగపాము దాని వీపు పొడవునా గడ్డం రాస్తూ, ఉండి ఉండి ఒళ్లు జలదరించినట్లు కదులుతూ పక్కనే సాగుతుంది. చివరకు తోకలు మాత్రమే మెలిపడతాయి. గంటల తరబడి అలాగే ఉంటాయి. చూడటానికి వింతగా ఉండదు కనుక ఎవరి కంటా పడదు. లేచి ఆడితే పోరు, పడి ఉంటే జత. గట్టు మీద నిలబడిన మనిషికి ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు.

నాగుపాముకు జెర్రిపోతు మగడనే మాట డెల్టాలో బలంగా నాటుకుంది. శాస్త్రం ప్రకారం అవి రెండు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. వాటి మధ్య సంతానం కలగదు. పైగా నాగుపాముకు జెర్రిపోతు ఆహారం కూడా. రెండూ ఒకే ఎలుక కోసం ఒకే కలుగులో దూరుతాయి, దూరం నుంచి రంగూ పొడవూ దగ్గరగా కనిపిస్తాయి. ఈ పోలికే ఆ కథను పుట్టించి ఉండవచ్చు. విషం లేని జెర్రిపోతు ఈ కథ వల్లే అన్యాయంగా చస్తోంది. అది తినే ఎలుకలు మాత్రం వరి చేలో మిగిలిపోతున్నాయి. ఎలుక మందులకు డబ్బు పోసే రైతే ఎలుకలను ఉచితంగా తినే పామును కొట్టడం విచిత్రమే.

గుడ్డ విసరడంలో ఇంకో ప్రమాదం ఉంది. మగ నాగుపాములు, మగ రక్తపింజరులు సైతం ఇదే తీరులో లేచి పెనుగులాడతాయి. పది అడుగుల దూరం నుంచి, అదీ సంధ్యవేళ, ఏది ఏ పామో పోల్చడం అనుభవం ఉన్నవారికే కష్టం.

పగ కాదు.. వాసన

పామును చంపితే దాని జోడు వెతుక్కుంటూ వస్తుందనే భయానికీ సంతాన కాలమే మూలం. పాములు జంటగా కాపురం ఉండవు. మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకునే శక్తి వాటికి లేదు. అయితే జతకు సిద్ధమైన ఆడపాము ఒంటి నుంచి ఒక వాసన వెలువడుతుంది. మగపాము చీలిన నాలుకను పదే పదే చాచి ఆ వాసన రేణువులను అంగిట్లోని అవయవానికి అందిస్తూ జాడ పట్టుకుని వస్తుంది. ఆడపామును చంపి పెరట్లో పడేస్తే ఆ జాడ పెరటి దాకా ఉంటుంది. మరునాడు అక్కడే మగపాము కనిపిస్తే ఇంటిల్లిపాదికీ అది పగలా తోస్తుంది. నాలుక ఆడించడాన్ని కాటుకు సన్నాహంగా భావించడం కూడా పొరపాటే. అది పాము ముక్కు చేసే పని.

మినుము పీకే రోజుల నుంచే..

పాముల సంతాన కాలాన్ని డెల్టా పంటల వరుసతో కలిపి చూస్తే అసలు చిక్కు బోధపడుతుంది. వరి కోసిన మాగాణిలో మినుము ఎదిగి, చేత్తో పీకే రోజులు వచ్చేసరికి నాగుపాములు, రక్తపింజరులు జత కట్టే కాలం నడుస్తుంటుంది. మామూలుగా ఒకచోట మాటు వేసే మగపాములు అప్పుడు ఆడపాము జాడ కోసం చేలకు అడ్డం పడి తిరుగుతాయి. పగలు సైతం కనిపిస్తాయి. వంగి మొక్క పీకే చేయి ముందుగా తగిలేది వాటికే.

వేసవిలో దృశ్యం మారుతుంది. ఏప్రిల్ మొదలు ఆడ నాగుపాము ఎలుక కలుగుల్లో, పుట్టల్లో డజను నుంచి 30 వరకు గుడ్లు పెట్టి అక్కడే కాపలా ఉంటుంది. గుడ్లతో ఉన్న పాము వెనుక సగం బరువెక్కి, మేత తగ్గించి, ఎండపొడలో ఎక్కువసేపు పడి ఉంటుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగి చూపు మందగిస్తుంది. మందకొడిగా ఉన్నది కదా అని దగ్గరకు వెళ్తే చూపు ఆనని పాము ముందే తెగబడుతుంది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. ఒక కాన్పులో 20 నుంచి 40 పిల్లలు సాధారణం. ఆ పిల్లలకు పుట్టిన క్షణం నుంచే విషం, కోరలు ఉంటాయి.

గుడ్లు పొదగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అంటే పిల్లలు బయటకు వచ్చే వేళకు ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదలడం, నారుమళ్లు, నాట్లు అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. నీరు నిండిన కలుగుల నుంచి తల్లీ పిల్లా గట్టెక్కుతాయి. గట్టు మీద నారు కట్టలు, వాటి పక్కన నాటు కూలీల చెప్పుల్లేని కాళ్లు. గట్టు నిండితే పాములకు మిగిలేది మెరక మీద ఉన్న ఇల్లు, గడ్డివాము.

2018 ఆగస్టులో దివిసీమలో జరిగింది ఇదే. ఒక్క నెలలో వంద మందికి పైగా పాముకాటుకు గురయ్యారు. జనం చేలోకి దిగడానికే జంకారు. నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో అధికారికంగా సర్ప యాగం నిర్వహించారు. భయంతో ఉన్న ఊళ్లకు అది ఊరట కలిగించి ఉంటుంది, దానిని తప్పుపట్టనవసరం లేదు. అయితే వర్షాలకు మునిగిన పొలాలు, అదే వేళకు కలుగుల్లో పొదిగిన పిల్లలు కలిసి ఆ పరిస్థితిని తెచ్చాయన్న సంగతి యాగం వార్తల మధ్య మరుగున పడింది. నాట్లకు ముందే ఊరూరా చాటించవలసిన మాట అది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య సంభవించినవే. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పడగ విప్పితే హెచ్చరిక

భయం పుట్టించే భంగిమలే నిజానికి మనిషికి మేలు చేస్తాయి. నాగుపాము పడగ విప్పిందంటే కాటుకు ముందు ఒక అవకాశం ఇచ్చిందని అర్థం. కదలకుండా నిలబడి, నెమ్మదిగా వెనక్కు జరిగితే అది పడగ దించి పోతుంది. అటూ ఇటూ ఊగడం పాటకు పరవశించడం కాదు, ఎదుటి కదలికను కనిపెట్టడం. రక్తపింజరి చుట్ట చుట్టుకుని కుక్కర్ ఈల మాదిరి బుసకొడుతుంది, కానీ తప్పుకుని పోదు. మచ్చలు చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టినవారు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఇక కట్లపాము ఏ సైగా చేయదు. పగలు తలను చుట్టల కింద దాచుకుని చచ్చినట్లు పడి ఉంటుంది. రాత్రి నేలపై నిద్రించే వారిని కాటేస్తుంది. నొప్పి ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంచం, పక్కకు దోపిన దోమతెర తప్ప దీనికి విరుగుడైన జాగ్రత్త లేదు.

కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం మాని, కాలు చేయి కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాటేసిన పామును చంపి వెంట తీసుకెళ్లనవసరం లేదు.

పెంపకం ముచ్చట

నగరాల్లో కొత్తగా పాములను పెంచే సరదా కనిపిస్తోంది. నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజరి వంటి మన పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తరువాత ఈ మూడూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ వంటి విదేశీ పాములు ఉన్నవారు 2024 నిబంధనల మేరకు పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించాలి. వాటి యజమానులూ ఇదే పొరపాటు చేస్తుంటారు. జత కాలంలో మగ పైథాన్ వారాల తరబడి మేత ముట్టదు, రాత్రంతా పెట్టె గోడల వెంట తిరుగుతుంది. జబ్బు అనుకుని బలవంతంగా తినిపించబోతారు. గుడ్లతో ఉన్న ఆడది పొట్ట పైకి తిప్పి పడుకుంటే చచ్చిందేమోనని కంగారుపడతారు.

పుట్టలో పాలు పోసే నాగుల చవితి ఇక్కడ కార్తీకంలో వస్తుంది. అప్పటికి వరి పొట్ట దాటి గింజ పట్టి ఉంటుంది, ఆ ఏడు పుట్టిన నాగుపాము పిల్లలు మూడు నాలుగు నెలల వయసులో పుట్టల్లో, గట్ల కలుగుల్లో సొంతంగా వేటాడుతుంటాయి. పాలు పాములకు ఆహారం కాదు. చలిమిడి, చిమ్మిలి పుట్ట బయట ఉంచి, పాలు పక్కన ఆకులో పోసేవారు కొందరు ఇప్పటికే ఉన్నారు. కన్నంలోకి చేయి చొప్పించి పోసేవారు, పిల్లలను ముందు నిలబెట్టేవారు అంతకంటే ఎక్కువ. కలుగు తడిస్తే లోపలి పాము బయటకు వచ్చే దారి ఆ కన్నమే.