ఏరు వెనుకకు పారిన వేళ

దారి తప్పుట అవమానమని మనలో చాలమంది భావన. అందుచేతనే దారి తప్పినవారు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. వారు చెప్పనందువలన, వెనుక వచ్చేవారు అదే చోట మరల తప్పుతారు. ఈ మౌనం మంచిది కాదని నా అభిప్రాయం. కనుక ముందుగా నా పొరపాటు నేనే చెప్పుకొని, దాని నుండి తేలిన నాలుగు మాటలు విద్యార్థి సోదర సోదరీమణుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాను.

మనది మెట్ట ప్రాంతం. జగ్గయ్యపేట ప్రక్కన పాలేరు, నందిగామ ప్రక్కన మున్నేరు. రెండూ కృష్ణలో కలిసేవే. 2022 నుండి మనం ఎన్.టి.ఆర్. జిల్లావారమైనప్పటికీ, మన ఏటి నీటికి గమ్యం దివిసీమలోని హంసలదీవి సాగరసంగమమే. ఆ సంగమాన్ని కన్నులారా చూడవలెనని ఒక శీతకాలపు ఆదివారం నలుగురు మిత్రులం బయలుదేరాము. పాలకాయతిప్ప తీరం నుండి సంగమం దాకా ఇసుకపై గంట పైచిలుకు నడక. ఇంత మాత్రానికి ఒకరిని దారి అడగడం ఎందుకనుకున్నాము.

పోవుట సుఖంగానే పోయాము. తిరుగు ప్రయాణంలో ఎండకు జంకి, మడచెట్ల నీడన అడ్డదారి పట్టాము. కొంతసేపటికి సముద్రం కనుమరుగైంది. ఎటు చూచినా ఒకే ఎత్తు తెల్లమడ, తిల్ల చెట్లు. బురదలో నుండి మేకులవలె పైకి లేచిన వేళ్లు. గాలి హోరులో అలల చప్పుడు ఏ దిక్కు నుండి వస్తున్నదో తెలియలేదు. చేతిలోని ఫోను మేము పచ్చని మచ్చ నడుమ ఉన్నామని మాత్రం చూపి, పిమ్మట ఆ పాటి సాయం కూడ మానుకొన్నది.

అంతలో ఒక సన్నని ఉప్పుటేరు కనబడింది. "ఏరు ఎటు పోతే సముద్రం అటే. నీటి వెంట నడుద్దాం" అన్నాడు మాలో ఒకడు. ఎవరమూ సందేహించలేదు. మున్నేటి ఒడ్డున పెరిగినవారికి అది పుట్టుకతో వచ్చిన జ్ఞానం. అరగంట నడిచాము. బురద మోకాలికి వచ్చిందే గాని సముద్రం రాలేదు. ఏరు మాత్రం ఒడ్లు ఒరుసుకొనేంతగా నిండుతున్నది.

అప్పుడు భుజాన వలతో ఒక వృద్ధుడు ఎదురుపడి, "ఎక్కడికి బాబూ, ఈ పొద్దప్పుడు?" అని అడిగాడు. సముద్రానికని చెప్పాము. ఆయన నవ్వలేదు. "పోటు ఎక్కుతోంది బాబూ. నీళ్లు సముద్రంలో నుంచి లోపలికి వస్తున్నాయి. మీరు అడివిలోకి పోతున్నారు. నా వెనకాల రండి" అన్నాడు.

మా పొరపాటు అప్పుడు బోధపడింది. సుమారు పన్నెండున్నర గంటలకు ఒకసారి సముద్రం పోటెక్కుతుంది. ఆ వేళ ఉప్పుటేరు వెనుకకు పారుతుంది. ఆ వేళ కూడ రోజు రోజుకు దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. పౌర్ణమికి, అమావాస్యకు పోటు అధికం. మేము నమ్మిన సూత్రం అబద్ధం కాదు. అది మెట్టకు చెల్లే సూత్రం. దానిని అడుగకుండ, ఆలోచింపకుండ తీరానికి తీసుకుపోవడమే మేము చేసిన తప్పు. ఒడ్డుకు చేరిన తరువాత ఆ పెద్దాయన, "వచ్చేటప్పుడు సముద్రం ఏ చేతి పక్క ఉందో, పోయేటప్పుడు రెండో చేతి పక్క ఉండాల. అంతే బాబూ" అని సెలవు తీసుకొన్నాడు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనకు అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది బలియైన తీరమది. అక్కడివారు సముద్రాన్ని గురించి చెప్పే మాట ఊరకే పుట్టినది కాదు.

ఇది విని, "అయితే విహారయాత్రలే మానివేయుదాం" అనే పెద్దలు ఉండవచ్చు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. ప్రమాదం దూరాన సముద్రంలోనే లేదు. 2022 జనవరిలో ఏటూరు వద్ద మన మున్నేటిలోనే ఐదుగురు బాలురు మునిగిపోయారు. 2023 జూలైలో అదే మున్నేరు ఐతవరం వద్ద జాతీయ రహదారి పైకెక్కి వాహనాలను నిలిపివేసింది. ఇంటి ముంగిటి ఏరు మనకు తెలుసుననుకోవడం కూడ మేము తీరాన చేసిన పొరపాటు వంటిదే. ఇసుక త్రవ్విన గుంట ఎక్కడ ఉన్నదో, వరద ఏ రేవున ముందు ఎక్కుతుందో చెప్పగలిగినవారు ఒడ్డున బ్రతికేవారు. వారిని మనం అడగము; వారు పుస్తకం వ్రాయలేదు గనుక.

కాబట్టి కమిటీవారికి నా మనవి ఇది. విద్యార్థులను బయటకు పంపండి. కాని ఆ చోటు ఎరిగిన స్థానికుని ఒకరిని తగిన ప్రతిఫలమిచ్చి వెంట ఉంచండి. ఏ దారిన పోయి ఏ వేళకు తిరిగి వస్తారో వ్రాసి ఒకరి వద్ద ఉంచండి. నీటి దగ్గరకైతే పోటు వేళ, వరద కబురు ముందుగా తెలుసుకొనండి. వీటికయ్యే ఖర్చు ఒక పూట ఫలహారం ఖర్చుకు మించదు.

మన కళాశాల రెండు భాషల ఇల్లు. బందరు అనే పేరు పారసీ మాట. రేవు అని అర్థం. ఉర్దూలో దారి చూపేవానిని రహ్‌బర్ అంటారు. ఆ మాట వినగానే వేదిక మీది పెద్దమనిషి మన తలపుకు వస్తాడు. నాకు మాత్రం ఆనాటి నుండి భుజాన వల, కాళ్లకు బురద గల ఒక ముసలి జాలరి తలపుకు వస్తున్నాడు. మిత్రులారా, దారి అడిగినవాడు చిన్నబోడు. అడగనివాడే ఏరు వెనుకకు పారుతున్నా ముందుకు పోతున్నాననుకుంటాడు.