కెమెరా లేని 175

1983 జూన్ 18. ప్రపంచకప్‌లో జింబాబ్వే మీద మనవాళ్లకు 17 పరుగులకే 5 వికెట్లు పోయినయి. అక్కడి నుంచి కపిల్‌దేవ్ 175 కొట్టి, అవుట్ కాకుండా నిలిచాడు. ఆ ఆటకు వీడియో లేదు. బీబీసీ కెమెరాలు ఆ రోజు అక్కడికి రాలేదు.

మా బాపు రాత్రిపాళీ దిగి వచ్చి, షోలాపూర్‌లో మా చాయ్ దుకాణం అరుగు మీద మరాఠీ పేపరు చదివి తెలుగులో చెప్పేవాడు. చదువు రానోళ్లంతా చుట్టూ కూర్చునేవాళ్లు. ఆ 175ను మేం చూసింది బాపు నోటనే. ఆఖరున కిర్మానీ తోడు నిలిచి ఇద్దరూ 126 జోడించిన సంగతి నాకింకా గుర్తే.

ఇప్పుడు మనవడు ఫోన్లో 30 సెకన్ల ముక్క చూపిస్తాడు. బాగనే ఉంటది, కాదనను. కబడ్డీలో చీలమండ పట్టు ఎంత రాసినా అట్ల కనబడదు. మొన్న మన వాడ పోటీ వీడియో చూపించాడు.

"ఈ పిల్లగాడు ఎవరి కొడుకురా? ఎవరు గెలిచిన్రు?"

"తెల్వదు తాతా, వీడియోల లేదు."

ఆడింది పక్క గల్లీలోనే! ఆ ఆకుపచ్చ బనియను పిల్లగాని పేరు, స్కోరు తెలిసినోళ్లు రాసి పంపండి. వచ్చే నెల ఇక్కడనే వేస్తాం.